హెడ్డుగారి కొలబద్ద

మొగుడూ పెళ్లాల గొడవని ఫోనొస్తే చాలు, స్టేషన్లో అందరి తలలూ హెడ్డు కానిస్టేబుల్ బల్ల వైపు తిరిగేవి. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం పట్టీలోనే ఉండిపోయి, ఊరందరికీ ఆయన సర్దుబాటు హెడ్డుగారు అయిపోయాడు. ఆ పేరు మెచ్చుకుని పెట్టారో, వెటకారానికి పెట్టారో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. బిరుదు అనుకుని మీసం కింద నవ్వుకుంటూ తిరిగేవాడు.

ఆయన పద్ధతి చాలా తేలిక. గొడవ జరుగుతున్న ఇంట్లోకి వెళ్లి, ఉన్నవాటిలో మంచి కుర్చీ చూసుకుని కూర్చుని, మంచినీళ్లు అడిగేవాడు. ఆ గ్లాసు ఖాళీ చెయ్యడానికి ఆయన తీసుకునే సమయంలో బావి ఎండిపోవచ్చు. ఈలోగా మొగుడి కోపం సగం, పెళ్లాం ఏడుపు సగం తగ్గేవి. అప్పుడు మొగుణ్ణి నాలుగు తిట్టి, ఎందుకైనా మంచిదని పెళ్లానికీ నాలుగు వడ్డించి, "సర్దుకుపోవాలమ్మా, సర్దుకుపోవాలి నాయనా" అని లేచేవాడు. ఎన్నో సంసారాలు నిలబెట్టానని ఆయన నమ్మకం. నిలబడ్డాయో కూలబడ్డాయో చూద్దామని మాత్రం ఏ ఇంటికీ మళ్లీ వెళ్లిన పాపాన పోలేదు.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ ఈ సర్దుబాటు దుకాణం మూయించేసింది. అవే ఇళ్ల నుంచి అవే ఫోన్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని గమనించి, ఇక రాజీలు లేవంది. వెళ్లిన ఇద్దరు పోలీసులూ కలిసి, ఆ ఇంట్లో తప్పెవరిదో తేల్చాలి. తేల్చి, ఆ మనిషిని బయటికి తీసుకురావాలి. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే, ఒకటయ్యేదాకా ఆ ఇంటి గడప దాటకూడదు.

ఎలా తేల్చాలో చెప్పడానికి క్లాసు కూడా పెట్టింది. అది భోజనాలవగానే పెట్టడం ఆవిడ చేసిన పొరపాటు. కళ్లు తెరిచి నిద్రపోవడంలో హెడ్డుగారు ఆరితేరిన మనిషి. మధ్యలో ఎవరో తుమ్మితే మెలకువ వచ్చి, "ఒంటి మీద గుర్తులు చూడండి" అన్న ముక్క చెవిన పడింది. దాన్ని భద్రంగా దాచుకుని మళ్లీ కునుకు తీశాడు. ఆ తర్వాత దానికి తన అనుభవం కాస్త కలిపి ఒక కొలబద్ద తయారుచేసుకున్నాడు. గుర్తులు ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్లు దెబ్బలు తిన్నవాళ్లు, అరుపులు ఎవరి నోట వస్తే వాళ్లు కొట్టినవాళ్లు. ఇంత చిన్న సంగతికి అంత పొడుగు క్లాసు దేనికో ఆయనకి అర్థం కాలేదు.

ఆ కొలబద్ద చంకలో పెట్టుకుని ఆయన వెళ్లిన మొదటి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. వెంట ఉన్న లేడీ కానిస్టేబుల్ కాలేజీ రోజుల్లో ఇనప గుండు విసిరి బహుమతులు తెచ్చుకున్న పిల్ల, ఆయన కన్నా తలంత పొడుగు. మెట్లన్నీ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, ఆయన ఆయాసం తీరేదాకా కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు నటించింది. పెద్దాయన పరువు కాపాడటం ఆమెకి తెలుసు.

తలుపు తీసినాయన కళ్లజోళ్ల షాపు యజమాని. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి, మెత్తటి గొంతు. కుడి చేతికి తడి రుమాలు చుట్టుకుని ఉన్నాడు.

"రండి సార్. ఫోన్ చేసింది నేనే. మెట్లెక్కి అలిసిపోయారు, కూర్చోండి" అని, అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

అడక్కుండా నీళ్లిచ్చిన ముద్దాయిని హెడ్డుగారు తన సర్వీసులో చూడలేదు. ఆయన మనసు అక్కడే సగం కరిగిపోయింది.

గది మధ్యలో ఆ షాపాయన భార్య నిలబడి ఉంది. ఇంట్లోనే బట్టలు కుట్టి ఇచ్చే మనిషి. కుట్టుమిషను పక్కన ఒక కుర్చీ బోర్లా పడి ఉంది. బల్ల మీద మూరెడు కత్తెర. జుట్టు రేగిపోయి, ఒక చేతి జాకెట్టు కుట్టు ఊడిపోయి, ఆవిడ అరుస్తోంది. ఆ అరుపు కూడా బొంగురుగా, రంపంతో కర్ర కోస్తున్నట్టు ఉంది.

"ఆయన్ని కాదు, నన్నడగండి. వెనక నుంచి వచ్చి నా గొంతు పట్టుకున్నాడు. నీళ్లు తెచ్చిచ్చాడని ఆయన మాటే వింటారా?"

హెడ్డుగారు గ్లాసు చటుక్కున కింద పెట్టాడు.

షాపాయన నిట్టూర్చి రుమాలు విప్పాడు. ముంజేతి లోపలి వైపు, మోచేతికి కాస్త కింద, పళ్ల గాటు. ఎర్రగా, గుండ్రంగా, ముద్ర కొట్టినట్టు ఉంది. వేళ్ల మీద గోళ్ల గీతలు. "వంటగదిలో టీ కలుపుకుంటున్నాను సార్. ఎదురుగా వచ్చి చెయ్యి లాక్కుని కొరికింది. నేను చెయ్యెత్తే మనిషిని కాను. కావాలంటే పక్కింటావిణ్ణి అడగండి."

పక్కింటావిణ్ణి పిలవాల్సిన పని లేకపోయింది. ఆవిడ అప్పటికే గుమ్మంలో ఉంది. గొడవ మొదలైనప్పటి నుంచి తన ఇంటి తలుపుకి చెవి ఆనించి, మెడ పట్టేసిందని తర్వాత ఆవిడే చెప్పింది.

"ఆయన నోట్లో నాలుక లేని మనిషి బాబూ. ఎప్పుడూ ఈవిడ అరుపులే. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఈ మెట్ల మీద ఎవరికీ తెలియదు" అంది.

హెడ్డుగారికి లోపల చెప్పలేనంత ఆనందంగా ఉంది. గుర్తులు ఆయన ఒంటి మీద ఉన్నాయి. అరుపులు ఆవిడ నోట ఉన్నాయి. కొలబద్ద రెండు వైపులా సరిగ్గా సరిపోయింది. మరీ ఇంత సులువైతే ఇన్‌స్పెక్టరమ్మకి చెప్పేటప్పుడు కాస్త కష్టపడ్డట్టు కల్పించి చెప్పాలి అనుకున్నాడు.

"ఏదమ్మా, గొంతు చూపించు" అని, కుట్టేవాళ్లు వేసుకునే కొలత టేపు పక్కకి జరిపించి ఆవిడ మెడ చూశాడు. అక్కడేమీ లేదు. "చూశావా, ఏమీ లేదు. గొంతు పట్టుకుంటే గుర్తుండదూ? పద, చెప్పులు వేసుకో. స్టేషన్‌కి వెళ్దాం."

ఆవిడ అరుపు ఆగిపోయింది. గోడ మీద గడియారం వైపు చూసింది.

"సార్, నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లండి. కాని ఇప్పుడు కాదు. మా పాప బడి నుంచి వచ్చే వేళయింది. అది వచ్చేసరికి ఈ ఇంట్లో ఆయన ఒక్కడే ఉండకూడదు."

"పాపని నేను చూసుకుంటానుగా" అన్నాడు షాపాయన మెత్తగా.

ఆ మాటకి ఆవిడ ఒళ్లు ఒక్కసారి జలదరించింది. హెడ్డుగారు దాన్ని చలి కింద జమకట్టాడు. లేడీ కానిస్టేబుల్ అలా జమకట్టలేదు.

"సార్, నేను ఒప్పుకోను" అంది.

హెడ్డుగారు గిర్రున వెనక్కి తిరిగాడు. ఇద్దరి మాటా ఒకటి కావాలన్న రూలు ఉంది నిజమే. కాని తలపండిన తన మాటకి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అడ్డు చెబుతుందని ఆయన అనుకోలేదు. "ఏం అమ్మాయ్, కళ్ల ముందు గాటు కనబడుతుంటే ఇంకా ఏం కావాలి నీకు?"

"గాటు కనబడుతోంది సార్. అది అక్కడికి ఎలా వచ్చిందో కనబడట్లేదు. ఆవిడకి గొంతెందుకు పోయిందో కూడా అర్థం కావట్లేదు."

"అరిచి అరిచి పోయింది."

"మనం తలుపు కొట్టే వేళకే పోయి ఉంది సార్. పక్కింటావిడ ఎంత సేపట్నించి అరుపులు విందో అడగండి."

"మీరు రావడానికి కాస్త ముందే బాబూ" అంది పక్కింటావిడ. "టీ కాచుకునేంత సేపు కూడా కాలేదు."

హెడ్డుగారు ఆ సాక్ష్యాన్ని చెయ్యి ఊపి అవతలకి నెట్టేశాడు. కుర్రపిల్లకి చెబితే అర్థం కాదు, చేసి చూపించాలి. వంటగది గట్టు ముందుకి నడిచి, "ఇలా రా. నువ్వు ఆయన. నేను ఆవిడ. ఎలా కొరికిందో చూపిస్తాను" అన్నాడు. "చూపించాక నోరు మూసుకుని రావాలి మరి" అని కూడా కలిపాడు.

లేడీ కానిస్టేబుల్ గట్టు దగ్గర నిలబడి టీ కలుపుతున్నట్టు చెయ్యి తిప్పసాగింది. హెడ్డుగారు పొట్ట సర్దుకుని, మొహంలోకి గయ్యాళితనం తెచ్చుకుని ఎదురుగా వెళ్లాడు. ఆమె కుడి చెయ్యి పట్టుకుని నోటి దగ్గరికి లాగాడు. ఆమె లాక్కుంది. ఎవరైనా అంతే, కొరకడానికి వస్తుంటే చెయ్యి కడుపుకి హత్తుకుంటారు. ముంజేతి లోపలి వైపు ఆమె చొక్కాకి అతుక్కుపోయింది. హెడ్డుగారి నోటికి పైవైపే దొరికింది.

"గాటు లోపలి వైపు ఉంది సార్" అంది ఆమె.

"తెలుసు, తెలుసు. మళ్లీ చేద్దాం."

రెండోసారి వంగి కింది నుంచి ప్రయత్నించాడు. నడుం పట్టేసింది. మరోసారి పక్క నుంచి దూరబోతే మీసం ఆమె వాచీ గొలుసులో చిక్కుకుని, విడిపించడానికి పక్కింటావిడ సాయం రావాల్సి వచ్చింది. పోలీసు మీసాన్ని ముట్టుకున్నానని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది. షాపాయన గోడకి ఆనుకుని మర్యాదగా చూస్తున్నాడు. భార్య మాత్రం గడియారాన్నే చూస్తోంది.

"ఆయన చెయ్యి తిప్పి, కొరుక్కోమని చాపితే తప్ప ఎదురుగా వచ్చి అక్కడ కొరకడం కుదరదు సార్" అంది లేడీ కానిస్టేబుల్. "ఇప్పుడు ఆవిడ చెప్పినట్టు చేసి చూద్దాం. నేను వెనక నుంచి వస్తాను."

"చూడు. అదీ చూసేస్తే నీ ముచ్చట తీరుతుంది."

"మీరు నాకు నాన్నలాంటివారు సార్. తప్పుగా అనుకోకండి. మెడ ఇటివ్వండి."

ఆమె కుడి చెయ్యి ఆయన మెడ చుట్టూ పడింది. హెడ్డుగారికి ఆ పట్టు ఆటలా అనిపించింది. అక్కడే ఆయన పప్పులో కాలేశాడు. "ఇదేం పట్టుకోవడం, గాలికి ఊగుతోంది. నాటకం కాదిది. గట్టిగా పట్టుకో" అన్నాడు.

గుండు విసిరిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత జరిగినదంతా హెడ్డుగారు అనుకుని చేసింది కాదు. ముందు, చాలు అందామని నోరు తెరిస్తే మాట రాలేదు. తర్వాత ఊపిరి కూడా రాలేదు. కాళ్లు గట్టు పక్కనున్న కుర్చీని తన్నాయి. చేతులు వాటంతటవే పైకి లేచి ఆమె వేళ్లని గోళ్లతో పీకాయి. గడ్డం కిందికి దిగింది, నోటికి ఏది అందితే అది పట్టుకుంది. అందింది ముంజేతి లోపలి వైపు. ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. కసుక్కున కొరికాడు.

చెయ్యి వదిలేసింది. హెడ్డుగారు గట్టు పట్టుకుని నిలదొక్కుకుని, అంతంత కళ్లు చేసుకుని అరవడం మొదలుపెట్టాడు. "నీకు బుద్ధుందా, ఊపిరాడట్లేదంటే వదలవా, చంపేస్తావా ఏంటి" అని ఇంకా ఏమేమో అన్నాడు. అంటూ అంటూ మధ్యలో ఆగిపోయాడు. తన నోట్లోంచి వస్తున్న గొంతు తనది కాదు. బొంగురుగా, రంపంతో కర్ర కోస్తున్నట్టు ఉంది.

లేడీ కానిస్టేబుల్ చెయ్యి చాపి చూపించింది. లోపలి వైపు, మోచేతికి కాస్త కింద, ఎర్రటి గుండ్రటి గాటు. వేళ్ల మీద గోళ్ల గీతలు. ఆమె ఏమీ బాధపడ్డట్టు లేదు.

"సార్, ఇప్పుడు మన ఇద్దరిలో ఎవర్ని తీసుకెళ్దాం?" అంది. "గుర్తులు నా ఒంటి మీద ఉన్నాయి. అరిచింది మీరు. కుర్చీ తన్నింది కూడా మీరే."

హెడ్డుగారు గుమ్మం పక్కనున్న అద్దంలో తన మెడ చూసుకున్నాడు. చొక్కా కాలరు కిందికి లాగి మరీ చూసుకున్నాడు. అక్కడేమీ లేదు. ప్రాణం పోతుందనుకున్నాడు కదా, ఒక్క గీత కూడా లేదు. ఇలాంటి ఖాళీ మెడనే కదా ఇందాక ఆవిడకి చూసి, ఏమీ లేదు పద అన్నాడు.

"అమ్మా" అన్నాడు ఆవిడ వైపు తిరిగి. ఆ బొంగురు గొంతుతోనే అడిగాడు. "ఇది ఇదే మొదటిసారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

పక్కింటావిడ మధ్యలో కల్పించుకుంది. ఈసారి ఆవిడ గొంతులో ఇందాకటి హుషారు లేదు. "బాబూ, ఒక మాట. ఈవిడ అరుపులు ఎప్పుడూ మధ్యలో టక్కున ఆగిపోతాయి. మాట సగంలో ఉండగానే ఆగిపోతాయి. పాపం అలిసిపోయి ఊరుకుంది కాబోలు అనుకునేదాన్ని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అలిసిపోయిందనుకున్నానయ్యా నేను."

షాపాయన గోడ దగ్గర్నుంచి కదిలి గ్లాసు ముందుకి జరిపాడు. ఆయన గొంతు అప్పటికీ మెత్తగానే ఉంది.

"మంచినీళ్లు తాగండి సార్. మీరు బాగా నటించారు. కాని నటన సాక్ష్యం కాదు కదా."

హెడ్డుగారు గ్లాసు వైపు చూడలేదు. "నేను నటించి ఉంటే ఆ పిల్ల చెయ్యి కొరికేవాణ్ణి కాదు" అన్నాడు. "చెప్పులు వేసుకోండి. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర మాట్లాడుకుందాం. నేనూ ఈ అమ్మాయీ ఇప్పుడు ఒక్క మాట మీదే ఉన్నాం."

షాపాయన గొడవ చెయ్యలేదు. చెప్పులు తుడుచుకుని మరీ వేసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు భార్య వైపు తిరిగి, ఊరెళ్లేవాళ్లు చెప్పినట్టు, "తలుపు జాగ్రత్తగా వేసుకో. నేను వచ్చేస్తానుగా" అన్నాడు.

అందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క గట్టి మాట లేదు. ఆవిడ మాత్రం రెండడుగులు వెనక్కి వేసి మిషనుకి తగిలి ఆగింది. ఇన్నేళ్లుగా ఇళ్లలోకి వెళ్లి ఎవరు అరుస్తున్నారా అని చెవులు రిక్కించిన హెడ్డుగారు, ఈ మెత్తటి మాట విని మొదటిసారి ఒకరి ఇంట్లో భయపడ్డాడు.

"ఆ మాట కూడా గుర్తుపెట్టుకో అమ్మాయ్. ఉన్నదున్నట్టు రాయాలి" అన్నాడు.

లేడీ కానిస్టేబుల్ షాపాయన్ని భుజం పట్టుకుని మెట్లు దింపింది. ఆ భుజం మీద పట్టు ఎలాంటిదో తెలిసిన మనిషి కాబట్టి, పారిపోతాడన్న దిగులు హెడ్డుగారికి లేదు. జీపు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఆయన వెనకాల ఉండిపోయాడు. మిషను పక్కన పడి ఉన్న కుర్చీ లేపి నిలబెట్టాడు. అందులో కూర్చోలేదు.

"మళ్లీ ఎప్పుడు వస్తాడు సార్?" అని అడిగింది ఆవిడ.

ఇలాంటప్పుడు చెప్పడానికి ఆయన దగ్గర మూటలకొద్దీ మాటలు ఉండేవి. అన్నీ సర్దుకుంటాయమ్మా, కాలమే చూసుకుంటుందమ్మా, ఆయనకీ బుద్ధొస్తుందమ్మా. ఈసారి ఆ మూట విప్పలేదు.

"నాకు తెలియదమ్మా. ఈ రాత్రికి రాడు. ముందు నీ గొంతు డాక్టరుకి చూపించాలి. పైకి ఏమీ కనబడకపోయినా లోపల వాస్తుందట. ఆ అమ్మాయి వెనక్కి వచ్చి మీ ఇద్దర్నీ తీసుకెళ్తుంది. వాణ్ణి వదిలే పరిస్థితి వస్తే, నీకు ముందు కబురు రాకుండా వాడు ఈ మెట్లు ఎక్కడు. అది నేను చూసుకుంటాను."

ఆవిడ సరేనంది. నమ్మిందో లేదో ఆయనకి తెలియలేదు. తనే అయితే నమ్మేవాడు కాదు.

అప్పుడు పాప వచ్చింది. ఆరేడేళ్లుంటాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడలేదు, తలుపు తోసిన చప్పుడూ లేదు, ఉన్నట్టుండి గుమ్మంలో ఉంది. బూట్లు విప్పి, రెండూ కలిపి గోడకి ఆనించి పెట్టింది. బ్యాగు గుండెలకి హత్తుకుని మునివేళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వచ్చింది. పోలీసాయన్ని చూసి బెదరలేదు. పడకగది తలుపు వైపు ఒకసారి, వంటగది వైపు ఒకసారి చూసింది.

"నాన్న నిద్రపోతున్నారా?" అంది, చెవిలో చెప్పినట్టు.

"లేరమ్మా."

"షాపుకెళ్లారా?"

"ఇంట్లో లేరు. ఈ రాత్రికి రారు."

పాప తల్లి మొహంలోకి చూసింది. నిజమేనా అన్నట్టు హెడ్డుగారి మొహంలోకి కూడా చూసింది. ఆయన తల ఊపాడు. అంతే, బ్యాగు దబ్బున నేల మీద పడింది. లోపల డబ్బా గలగలమంది. "అమ్మా, ఇవాళ మా బళ్లో ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టి, పరుగు పందెం గురించి, పడిపోయిన టీచరు గురించి, తనకి వచ్చిన నవ్వు గురించి, కుర్చీ ఎక్కి, చేతులు తిప్పుతూ, గొంతు చించుకుని చెప్పసాగింది. వాళ్లమ్మ అలవాటు కొద్దీ పెదాల మీద వేలు పెట్టుకోబోయి, వేలు దింపేసింది.

హెడ్డుగారు చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. రెండు మెట్లు దిగి, బూటు తాడు కట్టుకునే వంకతో కూర్చున్నాడు. తాడు కట్టే ఉంది. ఆయనకి ఏడుపొచ్చింది.

పక్కింటి తలుపు కొద్దిగా తెరుచుకుంది. "ఏంటి బాబూ, మళ్లీ అరుపులు?" అంది పక్కింటావిడ భయంగా.

"ఏం లేదమ్మా" అన్నాడు ఆయన బొంగురు గొంతుతో. "పాప బడి నుంచి వచ్చింది."